రోజుకు ఎనిమిది కార్డులు

నూజివీడులో మేం పనిచేసే సూపర్ మార్కెట్‌కు ఎవరొచ్చినా, బిల్లు కొట్టే ముందు నేనడిగే మొదటి మాట ఫోన్ నంబర్. ఆ నంబర్ మీద మెంబర్‌షిప్ కార్డు చేయాలి. రోజుకు ఎనిమిది. ఇక్కడ పనిచేసేవాళ్ళ నంబర్లు చెల్లవు. వారం చివర ఎవరి కార్డులు తక్కువైతే వాళ్ళకు పై వారం డ్యూటీలు కోసేస్తారు. డ్యూటీ లేని రోజుకు జీతం లేదు. ఉల్లిపాయలు ఏరుకుంటున్న మనిషిని చూసినా, ఈమెకు కార్డుందా లేదా అన్నదే నా ధ్యాస. తిన్నది ఒంటబట్టేది కాదు.

పక్క కౌంటర్లో ఒక అక్క ఉండేది. నాకు బిల్లింగ్ నేర్పింది ఆవిడే. నెమ్మది మనిషి. ఆ నెమ్మది చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

మామిడికాయల రోజుల్లో రెడ్డిగూడెం తోటల్లో కాయలు ఏరే ఆడవాళ్ళు తొమ్మిది మంది, ప్రతి ఆదివారం ఆటోలో వచ్చేవారు. అందరి సరుకులూ కలిపి వాళ్ళ మేస్త్రమ్మ నంబర్ మీద ఒకటే బిల్లు. ఎవరి వాటా వాళ్ళు తర్వాత ఇచ్చుకునేవారు.

"తొమ్మిది మందికీ తొమ్మిది కార్డులు చేయొచ్చు కదక్కా" అన్నాను ఒకసారి.

"వాళ్ళు చెప్పే నంబర్లన్నీ మొగుళ్ళ ఫోన్లవేనమ్మా. ఏం కొన్నా మెసేజ్ ఆళ్ళకి పోద్ది. పాపం, ఓ పౌడర్ డబ్బా కొనుక్కుంటారు. అందుకే కదా కలిపి కొట్టించుకునేది. వద్దులే."

నాకు బాగానే అర్థమైంది. కానీ ఆ వారం నా కార్డులు చాలా తక్కువ. ఆదివారం వాళ్ళు రాగానే నా కౌంటర్‌కు పిలిచి, "విడివిడిగా కొట్టించుకుంటే తలా ఒక సబ్బు ఫ్రీ అండీ" అన్నాను. తొమ్మిది కార్డులు చేశాను. సిగ్గేసింది. చేతులు మాత్రం ఆగలేదు.

పై వారం నాకు ఆరు డ్యూటీలు, అక్కకు రెండు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ రెండు రోజులూ చేసి మానేసింది.

తర్వాతి ఆదివారం మేస్త్రమ్మ ఒక్కతే లోపలికొచ్చింది. మిగతావాళ్ళు రాలేదా అండీ అని అడిగాను.

"ఆటోలో ఉన్నారు, లోపలికి రామన్నారు. నువ్వు చేసిన పనికి ఇళ్ళల్లో పెద్ద గొడవలైనయ్యి. ఒకామెని ఆళ్ళాయన కొట్టాడు కూడాను."

ఆమె ఒక కాగితం ముక్క కౌంటర్ మీద పెట్టింది.

"మీ అక్క ఇప్పుడు మాతోనే కాయలేరతంది. ఇక్కడ మానేసింది కాబట్టి ఆవిడ నంబరు మీద కార్డు చెల్లుద్దంట. నీకు తక్కువైతే డ్యూటీలు పోతాయని రాసిచ్చింది."

అక్క చేతిరాతలో పది అంకెలు. కాగితం తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. అప్పటికి నావి ఏడే అయ్యాయి.

నంబర్ కొట్టాను.