ఆ మలుపు తిరిగితే సరస్సే

మా ఊళ్ళో దిగిన టూరిస్టు ఎవరైనా ఆర్విడ్ హల్వర్సన్‌ని అడగందే కొండ మీది గ్రెటా సరస్సుకి ఎక్కడు. ఊరంటే పెద్ద ఊరేం కాదు. అమెరికాలోని మోంటానాలో నేషనల్ పార్కు గేటు ముందు ఒక పెట్రోల్ బంకు, ఒక మోటెల్, నా కాఫీ కొట్టు.

ఆర్విడ్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. వేసవి వస్తే చాలు, పొద్దున్నే నా దగ్గర కాఫీ తాగి, కర్ర పట్టుకుని, "ఎలుగమ్మా, తప్పుకో" అని అరుచుకుంటూ కొండెక్కుతాడు. మనిషి వస్తున్నట్టు ఎలుగుబంటికి తెలియాలని ఇక్కడ అందరూ అరుస్తారు. ఆర్విడ్ అరిస్తే మాత్రం పిట్టలు కూడా పార్కు వదిలిపోతాయి.

దిగేటప్పుడు ఆయాసపడుతూ ఎదురొచ్చిన వాళ్ళందరికీ ఒకటే మాట. "ఇంకెంతో లేదు. ఆ మలుపు తిరిగితే సరస్సే."

దిగేవాడు ఎక్కేవాడికి ఈ అబద్ధం చెప్పడం మా దారుల్లో మర్యాద. నేనూ చెబుతాను. కాకపోతే మేమంతా సరస్సు చూసొచ్చి చెబుతాం. ఆర్విడ్ చూడనే లేదు.

సగం దారిలో బల్లపరుపు బండ ఒకటుంది. అది దాటితే దారి కొండ అంచున సన్నగా సాగుతుంది. ఇటు పట్టుకోడానికి గొలుసు, అటు లోయ. ఎత్తంటే ఆర్విడ్‌కి గుండెదడ. బండ మీద కూచుని శాండ్‌విచ్ తిని దిగొచ్చేస్తాడు. ఒకసారి నాకు దొరికిపోయి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. నేను నోరు కుట్టేసుకున్నాను. ఆ సరస్సు నీలాన్ని ఆయన వర్ణిస్తుంటే వినేవాళ్ళ కళ్ళు చెమర్చేవి.

ఆ వర్ణనలే కొంప ముంచాయి. భర్త పోయాక మోటెల్ చూసుకోడానికి వచ్చిన లొరెట్టా ఆర్విడ్‌తో పెళ్ళికి ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది.

"చర్చీ వద్దు, హాలూ వద్దు. నువ్వంత పొగిడే సరస్సు దగ్గరే చేసుకుందాం."

"అలాగే," అన్నాడు పాపం. పిరికివాణ్ణని ఒప్పుకుంటే పెళ్ళి తప్పిపోతుందని హడలు. పెళ్ళి చేయించేది నేనే. నా పౌరోహిత్యం పట్టా ఇంటర్నెట్‌లో తెచ్చుకున్నదే, ఇక్కడ చెల్లుతుంది.

బండ దాకా పెళ్ళికొడుకు కేకలు లోయంతా మోగాయి. బండ దాటగానే నోరు పడిపోయింది. గొలుసు ముందు వంగి షూ లేసు కట్టుకున్నాడు. విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఇవాళ్టికవుతుందా ఆ ముడి?" అంది లొరెట్టా.

"లొరెట్టా, నేనెప్పుడూ ఇది దాటలేదు. ఆ సరస్సు పోస్టుకార్డులో చూశానంతే."

"తెలుసులే. నువ్వు నీలం నీలం అంటావు, అది ఆకుపచ్చ. నిరుడు నేనెక్కాను. ఇక్కడే శాండ్‌విచ్ నములుతూ, ఆ మలుపు తిరిగితే సరస్సే అన్నావు. రెండు గంటలు నడిచాను, అడుగడుక్కీ నిన్ను తిట్టుకుంటూ."

"మరి సరస్సు దగ్గరే పెళ్ళన్నావేం?"

"ఎప్పటికి నోరు విప్పుతావో చూద్దామని. పద, కళ్ళు మూసుకుని నా సంచి పట్టుకో."

పట్టుకున్నాడు. వెనక వస్తున్న నాకు ఏడుపొచ్చింది. ఆకుపచ్చ నీళ్ళ ముందు పెళ్ళి జరిగింది. ప్రమాణం కన్నా పెళ్ళికొడుకు ఆయాసమే గట్టిగా వినిపించింది.

తిరిగొస్తుంటే బండ దగ్గర ఒక కుర్ర జంట రొప్పుతూ ఎదురైంది. "ఇంకెంత దూరం, పెద్దాయనా?"

ఆర్విడ్ ఛాతీ విరుచుకున్నాడు. కొత్తగా పట్టిన నిజాయితీ మరి. "రెండు గంటలు. ముందు గొలుసు దారుంది. కాళ్ళు వణుకుతాయి."

వాళ్ళు మొహామొహాలు చూసుకుని, థాంక్స్ చెప్పి వెనక్కి తిరిగారు.

"ఎంత పని చేశావయ్యా," అంది లొరెట్టా. "నిరుడు నాకూ ఇలాగే చెప్పుంటే ఇక్కణ్ణుంచే దిగిపోయి, మర్నాడే సామాను సర్దుకుని మా అక్క దగ్గరికి పోయేదాన్ని. ఈ ఊరు వదిలేద్దామనే అనుకున్నాను. నిన్ను నాలుగు కడిగేసి పోదామని ఆగాను, అంతే."

ఆర్విడ్ కర్ర నా చేతిలో పెట్టి, పెళ్ళికోటుతోనే వాళ్ళ వెనక పరిగెత్తాడు.

"బాబూ, ఆగండి. తప్పు చెప్పాను. ఆ మలుపు తిరిగితే సరస్సే."