ముత్యాలకు బెజ్జం వేసే గాలయ్య

మర్రిగూడలో గాలయ్యను ఇప్పటికీ ముత్యాల గాలయ్య అనే పిలుస్తారు. ఆయన ఇంట్లో ముత్యం కనిపించి చాలా ఏళ్లయింది.

పందొమ్మిదేళ్ల వయసులో, వానలు ఎగ్గొట్టి పత్తి చేను నిలువునా ఎండిన ఏడాది, ఆయన హైదరాబాదు పోయాడు. చార్మినారు వెనక ఒక గల్లీలో ఖాజా మియా అనే ఉస్తాదు ముత్యాలకు బెజ్జాలు వేసేవాడు. గాలయ్య ఆయన దగ్గర పనికి కుదిరాడు. చెక్క దిమ్మలో చిన్న గుంట, గుంటలో ముత్యం, దాని మీద సన్నని ఉక్కు సూది. ఎడమ చేత్తో సూదిని నిలిపి, కుడి చేత్తో, దానికి తాడు చుట్టిన విల్లులాంటి కమాను లాగుతుంటే సూది గిరగిరా తిరిగేది. వేడెక్కకుండా మధ్యమధ్య ఒక నీటి చుక్క వేయాలి. సగం దాకా ఇటు నుంచి, మిగతా సగం అటు నుంచి వేసి, రెండూ నట్టనడుమ కలిసేలా చూడాలి. వెంట్రుకవాసి తప్పినా ముత్యం పెచ్చు లేచిపోతుంది. గాలయ్యకు ఈ పని పట్టుబడడానికి మూడేళ్లు పట్టింది.

ఖాజా మియా పని చేస్తూ ఉర్దూలో కబుర్లు చెప్పేవాడు. బహ్రెయిన్ సముద్రంలో మనుషులు ముక్కు మూసుకునేలా బిగింపు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని ఎలా మునిగేవాళ్లో చెప్పేవాడు. వాళ్లు తెచ్చిన ముత్యాలు బస్రా బజారుకు, అక్కడి నుంచి ఓడల మీద బొంబాయికి, బొంబాయి నుంచి రైలెక్కి ఈ గల్లీకి వచ్చేవట. ఆ ఊళ్లలో ఒక్కటీ ఉస్తాదు చూసింది కాదు. అన్నీ ఆయన తాత చెప్పినవే.

ఉస్తాదు చనిపోయాక గాలయ్య ఊరికి తిరిగొచ్చి సుగుణమ్మను పెళ్లి చేసుకున్నాడు. వారానికోసారి బస్సులో పట్నం పోయి దుకాణాల నుంచి ముత్యాలు తెచ్చుకుని, ఇంటి వసారాలో కూర్చుని బెజ్జాలు వేసేవాడు. సుగుణమ్మ పరిమాణం చూసి వేరుచేసి దారాలకు గుచ్చేది. చాలా ఏళ్లు అలాగే గడిచిపోయాయి. బిడ్డ మానస ఆ వసారాలోనే నడక నేర్చుకుంది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, దుకాణం సేఠు ఖాళీ చేతులు చూపించాడు.

"చైనా నుంచి బెజ్జాలు పడే వస్తున్నయి గాలయ్యా. మిషిన్ల మీద వేస్తరంట. ఇగ నీకేం పని ఇయ్యాలె?"

వరుసగా నాలుగు దుకాణాలు తిరిగాడు. అంతటా అదే మాట. అప్పటికే బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఆయన ఎముకల్లో పని మొదలుపెట్టింది. ఆ ఊళ్లో సగం మందికి ఉన్నట్టే ఆయనకూ పొద్దున లేస్తే మెడ తిరిగేది కాదు. వేళ్లు మాత్రం ఇంకా సాగుతున్నాయి.

కొన్నాళ్లు కూలికి పోయాడు. ఒకరోజు కేతేపల్లి లచ్చయ్య, ఆయనకు దూరపు వరసలో తమ్ముడు, బహ్రెయిన్లో పాత ఇళ్లు బాగుచేసే కంపెనీ ఒకటి మనుషులను తీసుకుంటోందని, తానూ పోతున్నానని చెప్పాడు. బహ్రెయిన్ పేరు వినగానే గాలయ్య సరేనన్నాడు.

"ఏందయ్యా, గీ మెడతోని గా ఎండల సున్నం మోస్తవా?" అంది సుగుణమ్మ.

"ముత్యాలు పుట్టిన జాగా అది. అక్కడ నా పని తెలిసినోడు ఒక్కడన్న ఉండడా?"

"ఉంటే మాత్రం నీకోసం కూసున్నడా?"

గాలయ్య పెట్టె సర్దుకున్నాడు. నలభై నాలుగేళ్ల వయసులో మొదటిసారి విమానం ఎక్కాడు.

కంపెనీ వాళ్లను మొహర్రక్ అనే పాత రేవు పట్నంలో దించింది. ఒకప్పటి ముత్యాల వర్తకుల ఇళ్లు అక్కడ వరసగా ఉన్నాయి. సముద్రపు రాయితో కట్టిన మందపాటి గోడలు, చెక్కిన తలుపులు, కూలిన కప్పులు. గాలయ్య పని సున్నం కలిపి తట్టలతో పైకి అందించడం. ఏ ముత్యాల కథలు వింటూ పని నేర్చుకున్నాడో ఆ ముత్యాలు కూడబెట్టిన గదుల్లోనే మట్టి ఎత్తిపోశాడు.

మొదటి నెలల్లో ఒక శుక్రవారం, సెలవు పూట, బజారులో తిరుగుతూ ఒక ఇరుకు దుకాణం ముందు ఆగిపోయాడు. లోపల తెల్లటి గడ్డం ముసలాయన ఎర్ర గుడ్డ పరిచి, ఇత్తడి జల్లెళ్లలో ముత్యాలు జల్లిస్తున్నాడు. గాలయ్య అద్దానికి ముఖం ఆనించి నిలబడ్డాడు. ముసలాయన తలెత్తి, బొంబాయి హిందీలో ఏం కావాలని అడిగాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ముత్యాలు అమ్మడానికి బొంబాయి పోయి నేర్చుకున్న భాష అది.

గాలయ్య ఉర్దూలో చెప్పాడు. "నేను బెజ్జాలు వేసేవాణ్ని. హైదరాబాదులో నేర్చుకున్న."

ముసలాయన అతని సున్నపు బట్టలను, చేతులను చూశాడు. కాసేపటికి అరలోంచి పాత కమాను, దిమ్మ తీసి ముందు పెట్టాడు. కందిగింజంత ముత్యం ఒకటి గుంటలో ఉంచాడు.

గాలయ్య కింద కూర్చున్నాడు. సూది మొన తడిమి చూసుకుని, నీటి చుక్క వేసి, కమాను లాగాడు. సగమయ్యాక ముత్యం తిప్పాడు. రెండు వైపుల బెజ్జాలూ కలిసిన చోట సూదికి పట్టు తప్పడం వేళ్లకు తెలిసింది. ముసలాయన ముత్యాన్ని వెలుగుకు ఎత్తి చూసి, లేచి వచ్చి, "ఉస్తాద్" అన్నాడు. ఖాజా మియా కూడా గాలయ్యను ఎన్నడూ ఆ మాట అనలేదు. కళ్లు తుడుచుకోవడానికి గాలయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఈ దేశంలో మనుషులు పెంచిన ముత్యం అమ్మనివ్వరు. సముద్రం ఇచ్చిందే అమ్మాలి" అన్నాడు ముసలాయన. "బెజ్జం వేసే మా మనిషి చనిపోయి మూడేళ్లయింది. నువ్వు నా దగ్గరికి వచ్చేయ్."

ఆ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు గాలయ్య గొంతు పాతికేళ్లవాడి గొంతులా ఉందని సుగుణమ్మ తర్వాత అందరికీ చెప్పుకుంది.

ముసలాయన కంపెనీకి మనిషిని పంపాడు. కంపెనీ ఒప్పుకోలేదు. ఒప్పందం రెండేళ్లు, అది తీరేదాకా వదలమని చెప్పేసింది. ఈలోగా బయట పని చేస్తూ దొరికితే ఊరికి పంపించేస్తామని మేస్త్రీ అందరి ముందూ హెచ్చరించాడు. గాలయ్య ఆ సంగతి చెప్పడానికి బజారుకు పోతే, "రెండేళ్లే కదా, నేను బతికే ఉంటాను" అని ముసలాయన నవ్వాడు.

గాలయ్య రెండేళ్లు సున్నం మోశాడు. సున్నం వేళ్ల సందులను తినేసింది. దాని కింద, పుట్టినప్పటి నుంచి తాగిన నీళ్లు తమ పని తాము చేసుకుపోయాయి. మొదట చిటికెన వేలు మడత పడడం మానేసింది, తర్వాత దాని పక్కది. గదిలో లచ్చయ్య గమనించి, "దవాఖానకు పోదాం నడువన్నా" అంటే, "పోతే పనికి రాడని పంపిస్తరు. జర ఆగు" అన్నాడు. ముసలాయనకు మాత్రం చెప్పలేదు. శుక్రవారాల్లో పోయి పలకరించినప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు.

ఒప్పందం ముగిసిన రోజున ఉతికిన చొక్కా వేసుకుని దుకాణానికి పోయాడు. ముసలాయన కాగితాలన్నీ సిద్ధం చేసి ఉంచాడు. సంతోషంగా దిమ్మ ముందుకు జరిపి, గుంటలో ముత్యం పెట్టాడు.

గాలయ్య ఎడమ చేత్తో సూది పట్టుకున్నాడు. వేళ్లు దాని చుట్టూ మూసుకోలేదు. అరచేత్తో అదిమి పట్టి కమాను లాగాడు. సూది పక్కకు జారింది. చిన్న చప్పుడుతో ముత్యం అంచు పెచ్చు లేచి ఎర్ర గుడ్డ మీద పడింది.

ముసలాయన ఆ పెచ్చును తీసి కాగితంలో చుట్టి పెట్టాడు. గాలయ్య రెండు చేతులూ ఎత్తి చూపించాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాడు ముసలాయన.

"చాలా నెలలైంది. మీతో చెప్పలేకపోయిన."

ముసలాయన చాయ్ తెప్పించాడు, ఇద్దరూ తాగారు. గాలయ్య లేచేటప్పుడు ఆయన కాగితాలు తీసి బల్ల కింద పెట్టుకుని, ఆ వంకర వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు వదల్లేదు.

ఊరికి వచ్చాక నల్గొండ దవాఖానలో చూపించుకున్నాడు. ఎముకల్లో చేరింది తిరిగి పోదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు మర్రిగూడలో నల్లా తిప్పితే కృష్ణా నీళ్లు వస్తాయి. మానసకు వేళ్లు చక్కగా ఉన్నాయి. ఆ పిల్ల పట్నంలో ఒక నగల దుకాణంలో చైనా ముత్యాల దండలు అమ్ముతుంది. సుగుణమ్మ పత్తి ఏరడానికి పోతుంది. పోయేముందు భర్తకు అన్నం కలిపి తినిపించి, చొక్కా గుండీలు పెట్టి, వసారాలో కూర్చోబెడుతుంది.

మొన్నామధ్య లచ్చయ్య సెలవు మీద వచ్చి గాలయ్యను చూడడానికి పోయాడు. మొహర్రక్ బజారు సంగతి తనే ఎత్తాడు.

"గా దుకాణం మూసిండ్రన్నా. ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నరు."

"ముసలాయన?"

"పోయిండంట. కరోనప్పుడు."

గాలయ్య ఒళ్లో ఉన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. లచ్చయ్య ఏదైనా చెప్పాలని, "చేతులు జర నయమైనయా అన్నా?" అని అడిగాడు.

"లేదు" అన్నాడు గాలయ్య. "ఇగ గావు."