బక్కయ్య విప్పిన డేరా

దేశ్‌ముఖు దొర వేటకు వచ్చినప్పుడల్లా నల్లమల అడవిలో, కృష్ణ ఒడ్డున వెట్టికి డేరా వేసేది బక్కయ్యే. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఒకచోట కూర్చోవడం చేతకాదు. వేసిన డేరా చుట్టూ పదిసార్లు తిరిగి తాళ్లు లాగి చూస్తాడు, దిగిన మేకునే మళ్లీ కొడతాడు, అంబలి కూడా నిలబడే తాగుతాడు. ఈసారి దొర ఇసుకమీదే డేరా వేయించాడు. "జర మీదికి ఏస్త దొరా" అని బక్కయ్య రెండుసార్లు అన్నా వినలేదు.

మర్నాడు దొర వేటకు పోగానే బక్కయ్యకు కాలు నిలవలేదు. నీళ్లదాకా పోయి వచ్చాడు, మళ్లీ పోయాడు. ఎవరినీ అడగకుండా డేరా విప్పేశాడు. మంచం, పెట్టెలు ఒక్కొక్కటే మోసుకుపోయి గుట్టమీద పెట్టాడు. "తోలు ఒలుస్తడురా నీది!" అని వంటమనిషి సోమన్న మొత్తుకున్నాడు. మధ్యాహ్నం తిరిగొచ్చిన దొర నిజంగానే కొరడా తీశాడు. నాలుగు దెబ్బలు పడ్డాయి. ఐదోదానికి చెయ్యి లేచేసరికి కింద నది హోరుమంది. చూస్తుండగానే ఇసుకంతా ఎర్రనీళ్లలో మునిగిపోయింది. దొర చెయ్యి దించాడు.

"నీళ్లొస్తయని నీకెట్ల తెలిసిందిరా?" అని అడిగాడు.

"తెల్వదు దొరా," అన్నాడు బక్కయ్య, వీపు తడుముకుంటూ. "పానం ఆగలే, గంతే."