వాగు మూలం అడిగినవాళ్ళం

నదీమూలం, ఋషిమూలం అడగకూడదంటారు. ఎందుకు అడగకూడదో చెప్పగలిగినవాళ్ళు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు. మా ఇంట్లో ఆ మాట నాన్న అనేవారు, అదీ మా అత్తయ్య నోరు మూయించడానికే.

అత్తయ్య అంటే నాన్న చెల్లెలు. కాపురానికి వెళ్ళిన ఏడాదిలోనే భర్త పోయి, తెల్లచీరతో తిరువూరులో మా ఇంటికి తిరిగొచ్చింది. అప్పటికి ఆమెకు నిండా ఇరవై ఏళ్ళు లేవు. యాభైల నాటి సంగతి ఇది. మాకు బియ్యం మిల్లు ఉండేది. పొద్దున్నే నాన్న మిల్లుకు బయల్దేరేదాకా అత్తయ్య వంటింట్లోంచి కదలకూడదు. ఎదురొస్తే అపశకునం. ఒకసారి చూసుకోక ఎదురొస్తే, నాన్న గడప దగ్గరి నుంచి వెనక్కి వచ్చి, వాలుకుర్చీలో కూర్చుని, చెంబెడు మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరారు. ఆవేళ అత్తయ్య అన్నం తినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెల్లెలు ఎదురైతే మునిగిపోయే మిల్లు ఉంటేనేం, లేకపోతేనేం?

మా పెరటి గోడ అవతల వాగు. వానాకాలంలో ఒడ్లు ఒరుసుకుంటూ పారి కట్టలేరులో కలిసేది. మాఘం దాటితే ఒట్టి ఇసుక. కానీ ఆ ఇసుకలో చెయ్యెడు లోతు గుంట తీస్తే చాలు, నీళ్ళు ఊరేవి. ఆ చెలమల్లో ఆడవాళ్ళు కొబ్బరిచిప్పతో తోడుకుని కడవలు నింపుకుపోయేవారు. తోడినకొద్దీ ఊరేవి. అత్తయ్య గోడ మీదుగా అదే చూస్తుండేది.

"వాగు ఎండిపోయింది కదా అన్నయ్యా, మరి ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు? అసలీ వాగు ఎక్కడ పుట్టింది?" అని అడిగింది ఓ రోజు.

"ఏరుమూలం అడక్కూడదమ్మా. నీకెందుకవన్నీ, రామా కృష్ణా అనుకోక?" అన్నారు నాన్న.

అంతే, అది చూసి తీరాలని ఆమెకు పట్టుకుంది. పుట్టింటికి తిరిగొచ్చాక ఆమె నోరు తెరిచి ఏదైనా కోరుకోవడం నాకు తెలిసి అదొక్కటే.

ఎండలు ముదరకముందు ఓ రోజు ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని నెమలి అనే ఊళ్ళో వేణుగోపాలస్వామి దర్శనానికి వెళ్ళారు. శుభమా అని వెళ్తూ అత్తయ్యను ఎక్కించుకోలేదు. కావాలంటే ఊరి చివరి ఆంజనేయస్వామి గుడికి వెళ్ళి రమ్మని, తోడుగా నన్ను వదిలారు. బండి మలుపు తిరిగిందో లేదో, మేం పెరటి తలుపు తీసుకుని వాగులోకి దిగాం.

ఊరి ఇళ్ళు కనబడకుండా పోయాక, అత్తయ్య తల మీది కొంగు తీసి నడుముకు దోపింది. ఎగువకు నడిచాం. లకుముకి పిట్ట ఒకటి ప్రతి మడుగు దగ్గరా మాకన్నా ముందే వెళ్ళి కూర్చుని, మేం రాగానే తిట్టి లేచిపోయేది. తడి ఇసుక మీద ఉడుము తోక ఈడ్చుకుపోయిన గీత, దాని పక్కనే నెమలి అడుగులు. మామిడి తోటలు వెనకబడ్డాక ఇసుక తగ్గి రాయి మొదలైంది. తెల్లటి పలుగురాళ్ళు, గురివింద గింజలు పొదిగినట్టు ఎర్ర చుక్కలున్న బండలు. ఒక బండకు కాకిబంగారం పొరలు పొరలుగా లేస్తుంటే, అత్తయ్య గోటితో ఊడదీసి ఎండకు పెట్టి చూసింది.

"బంగారం పెట్టుకోకూడదన్నారు గానీ, కాకిబంగారం కూడదనలేదుగా" అని చెంపకు అంటించుకుంది.

గుట్ట మొదట్లో ఓ బండ కింద నేల తడిగా ఉంది. సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఆ బురద పీలుస్తున్నాయి. బండ నెర్రెలోంచి దారపు పోగంత నీరు జారుతోంది. అత్తయ్య దోసిలి పట్టింది. అది నిండేసరికి నాకు కాళ్ళు పీకాయి.

"ఇందులో అడక్కూడనిది ఏముందే అమ్మడూ?" అంది. ఆమె గొంతులో కోపం వినడం నాకదే మొదలు.

ఆ నీళ్ళు తాగి తలెత్తి చూస్తే, పై బండ మీద కూడా తడి చార ఉంది. దాని పైన ఇంకొకటి చెట్ల మధ్యకు పోతోంది. అంటే మూలం ఇది కాదు, ఇంకా పైన. అప్పటికే పొద్దు వాలుతోంది, బండి వచ్చేలోగా ఇంట్లో ఉండాలి. అత్తయ్య మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూ దిగింది.

బండికన్నా ముందే ఇల్లు చేరాం. కానీ తెలివితక్కువ పని ఒకటి చేశాం. నాన్న వస్తూనే నెమలి ప్రసాదం నా చేతిలో పెట్టి, "మరి మీ ప్రసాదమేదీ?" అన్నారు. గుడి మాటే మరిచిపోయాం. నేను నీళ్ళు నమిలాను. అత్తయ్య నమల్లేదు. కొంగు ముడి విప్పి, పలుగురాళ్ళు, కాకిబంగారం ఆయన ముందు పెట్టింది.

"వాగు వెంట గుట్ట దాకా వెళ్ళాం అన్నయ్యా. మూలం ఇంకా పైన ఉంది."

నాన్న ముఖం మాడిపోయింది. "గుడి పేరు చెప్పి గుట్టలంట తిరగడమా? ఇంక నువ్వు గుడికి కూడా వెళ్ళనక్కర్లేదు."

"వెళ్ళనులే. నీకు చెప్పే వాగుకు వెళ్తాను. రేపే వెళ్తాను."

"ఈ గడప ఎలా దాటతావో నేనూ చూస్తా" అన్నారు నాన్న. పెరటి తలుపుకు తాళం పడింది.

తెల్లవారింది. నాన్న పంచె సర్దుకుని, మిల్లు తాళాలు తీసుకుని, వీధి గడప వైపు అడుగు వేశారు. వంటింట్లో ఉండాల్సిన అత్తయ్య గబగబా వచ్చి, గడపకూ ఆయనకూ మధ్య, సరిగ్గా ఎదురుగా నిలబడింది. తెల్లచీర, తల నిండా కొంగు.

ఏళ్ళ నాటి అలవాటు. నాన్న కాళ్ళు ఆయనను అడక్కుండానే వెనక్కి నడిచాయి. వాలుకుర్చీలో కూలబడి, "మంచినీళ్ళు" అన్నారు. నేనే తెచ్చి ఇచ్చాను. తాగడానికి ఎక్కువసేపు పట్టాలని చెంబు అంచుదాకా నింపాను.

ఆయన చెంబు ఎత్తగానే అత్తయ్య గడప దాటింది, వెనకే నేను. ఈసారి ఊరు దాటేదాకా ఆగలేదు. మా వీధి మెట్ల మీదే, ఎదురింటివాళ్ళంతా చూస్తుండగా, తల మీది కొంగు తీసి నడుముకు దోపింది.