కాలు విరగని మనిషికి పుత్తూరు కట్టు

మొన్న ఆదివారం మా ఆయన రెండు కాళ్ళకీ కట్లు కట్టించుకున్నాడు. కాళ్ళకి ఏమీ కాలేదు. కారణం నేనే. అత్తగారికి ఇంకా చెప్పలేదు కాబట్టి ఇది చదివినవాళ్ళు మా ఇంటివైపు వస్తే కాస్త మీ నోటికీ కట్టు కట్టుకోండి.

పెళ్ళయి ఎనిమిది నెలలు. తిరుపతిలో ఇద్దరివీ ఉద్యోగాలు, ఆదివారం ఒక్కటే మాది. అందుకని ఒక ఒప్పందం పెట్టుకున్నాం. ఏ కొండ ఎక్కాలో మా ఆయన సుధాకర్ చెప్తాడు, దిగాక ఏం తినాలో నేను చెప్తాను. చంద్రగిరి కోట ఎక్కి వచ్చి అలసంద వడలు తిన్నాం. తలకోన అడవిలో తిరిగి వచ్చి ఊరిబిండి పచ్చడితో అన్నం తిన్నాం. ఈసారి పుత్తూరు దాటాక ఒక పల్లె వెనకున్న కొండ. అక్కడ మునెమ్మక్క అని ఒకామె ఉంది. ముందే చెప్తే నాటుకోడి పులుసు, రాగిసంగటి చేసి పెడుతుంది. ఆ ఊళ్ళో సిగ్నల్ లేదు, మా సెల్‌ఫోన్లు ఉత్త బరువు.

పొద్దున్నే స్కూటర్ ఆమె వాకిట్లో పెట్టి కోడిని ఎంచుకున్నాం. అప్పుడే ఆమె చెప్పింది.

"పులుసు ఎంతసేపైనా ఉంటాది పాపా. సంగటి ఆరితే రాయే. దిగొచ్చేటప్పుడు అదో ఆ నల్లబండ మీద నిలబడి తువ్వాలు ఒక్కతూరి ఊపు. ఈడికి కనిపిస్తాది. అప్పుడు కెలుకుతా."

"రెండుసార్లు ఊపితే ఏమవుతుంది అక్కా?" అన్నాను. నాకు ప్రశ్న అడక్కుండా ఉండటం రాదు.

"ఆగకుండా ఊపితే ఎవరికో దెబ్బ తగిలిందని లెక్క. మేకలోళ్ళు అట్లే పిలుస్తారు. ఒక్కతూరే ఊపు, తల్లీ."

ఎక్కాం, చూశాం, దిగుతూ నల్లబండ దగ్గరికి వచ్చాం. ఎర్ర తువ్వాలు తీసి ఒక్కసారి ఊపాను. కింద మునెమ్మక్క ఇంటి పొగ కనిపించింది. అంతా సక్రమంగానే ఉంది. అప్పుడు మా ఆయన నోరు తెరిచాడు.

"వచ్చే వారం పులిహోర పొట్లాలు కట్టుకొని వద్దాం భానూ. ఊరికే ఒకరికి శ్రమ ఎందుకు?"

కాలేజీలో ఐదేళ్ళు వక్తృత్వ పోటీల్లో కప్పులు తెచ్చిన మనిషిని నేను. ఎదురుగా ఒక అభిప్రాయం కనబడితే చేతులు వాటంతటవే లేస్తాయి. ఆ రోజు చేతిలో తువ్వాలుంది.

"శ్రమ అంటే ఏమిటి? ఒక మనిషి చేతివంటని గౌరవించడం శ్రమ పెట్టడమా?" అని కుడివైపు ఊపాను. "కొండ ఎక్కి పొట్లం విప్పుకుంటే ఆ ఊరు మనకి ఏం తెలిసినట్టు?" అని ఎడమవైపు. మూడో పాయింటుకి తల చుట్టూ తిప్పాను. నాలుగు, ఐదు గుర్తులేవు గానీ ఊపు మాత్రం తగ్గలేదు. పది నిమిషాలైంది. మా ఆయన బండకి ఆనుకొని, "మైకు ఒక్కటే తక్కువ" అన్నాడు.

కింద పొదల్లో అలికిడి. నలుగురు మగవాళ్ళు ఎగశ్వాసతో పైకి వస్తున్నారు. ఒకరి భుజాన తాడు, ఇంకొకరి నెత్తిన నులకమంచం. ఒకాయన చేతులకి ఇంకా చెనక్కాయ చేలో మట్టి ఉంది. వాన మబ్బు పడుతున్నా పెరికే పని వదిలి పరుగెత్తుకొచ్చారు.

"యాడ పడినారు? ఎవరికి దెబ్బ?"

'ఎవరికీ కాదు, పులిహోర మీద మాటా మాటా అనుకున్నాం' అని ఆ చెమట ముఖాలకి ఎలా చెప్పను? మా ఆయన నా వైపు చూశాడు. మెల్లగా కూలబడ్డాడు.

"నాకే అన్నా. ఎడమకాలు మడత పడింది."

డెబ్బయి ఎనిమిది కిలోల మనిషిని మంచం మీద వేసి మోసుకొని దిగారు. నేను ఆయన బూట్లు పట్టుకొని వెనకాల. "ఏమండీ, ఏమిటీ పని?" అని గొణిగితే, "నీ పరువు కోసమే, నడువు" అన్నాడు. మంచం కుదిపినప్పుడల్లా "అమ్మా" అనడం కూడా మరిచిపోలేదు.

మునెమ్మక్క వాకిట్లో చెంగల్రాయ తాత సిద్ధంగా ఉన్నాడు. ఆ ఊళ్ళో విరిగిన ఎముకలకి పుత్తూరు కట్టు కట్టే పెద్దాయన.

"ఏ కాలు నాయనా?"

"కుడికాలు తాతా."

"పైన ఎడమకాలన్నాడే," అన్నాడు మంచం మోసినాయన.

"రెండూ," అన్నాడు మా ఆయన.

రెండూ కట్టారు. గుడ్డు తెల్లసొన, గుడ్డ పీలికలు, వెదురు దబ్బలు. గుడ్లు ఎక్కడివనుకున్నారు? మునెమ్మక్క పొదగెయ్యడానికి దాచుకున్నవి, తట్టలోంచి తీసిచ్చింది. కట్టు ముగించి తాత చేతులు కడుక్కొని చెప్పాడు.

"మూడు దినాలు కోడి, పులుపు ముట్టగూడదు. గంజి తాపండి."

మునెమ్మక్క నాకొక్కదానికే ఆకు వేసింది. మొదటి సంగటి ఆరిపోయిందని మళ్ళీ కెలికిందట. ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసింది. మా ఆయన ముందు గంజి చెంబు. ఆయన పులుసు వైపు చూడకుండా ఉండటానికి పైకప్పు చూస్తున్నాడు. వాకిట్లో ఆ నలుగురూ ఇంకా పొలానికి పోలేదు, సారుకి ఎట్లుందో తెలుసుకొని పోదామని కూర్చున్నారు.

"తిను భానూ," అన్నాడు మా ఆయన.

చెయ్యి పోలేదు. లేచి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. సభకి నమస్కారం లేదు, పాయింట్లు లేవు.

"ఆయన కాళ్ళకి ఏమీ కాలేదన్నా. నేనే ఆయనతో వాదించుకుంటా తువ్వాలు ఊపినాను. నన్ను కాపాడాలని ఆయన అబద్ధం చెప్పినాడు. తప్పు నాది."

తాత వక్క కొరుక్కుంటున్నాడు.

"నాకు చెయ్యి పెట్టినప్పుడే తెలుసులే," అన్నాడు.

"మరి కట్టు ఎందుకు కట్టినావు తాతా?"

"నలుగురి చేత మోయించుకున్నాడు గదా. కాసేపు కదలకుండా కూసోనీ అని."

"పథ్యం?"

"అది నీకు బిడ్డా. ఎంతసేపటికి చెప్తావో సూద్దామని."

ముందు మంచం మోసినాయన నవ్వాడు, తర్వాత అందరూ. ఒక కోడి ఎనిమిది మందికి సరిపోయింది. తెల్లసొన ఎండి బిగుసుకుపోవడంతో మా ఆయన కాళ్ళు మడవలేక చాపుకొని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకొని తిన్నాడు. కార్జం ముక్క మునెమ్మక్క ఆయనకే వేసింది. నాకు మెడ.

తిన్నాక ఊరికే రావడానికి మనసొప్పలేదు. వాన పడేలోపు నేనూ చెనక్కాయ చెట్లు పెరుకుతానని ఆ నలుగురి వెంట చేలోకి దిగాను. అరగంటకే నడుము పట్టేసింది. వాళ్ళు సాలు చివరికి పోయి నా కోసం నిలబడ్డారు. మంచం మోసినాయన వెనక్కి తిరిగి చూసి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"అమ్మా, నోరాడినంత బిరీన చెయ్యాడలేదే."

దానికో పాయింటు వెతుక్కుంటూ వంగి ఇంకో చెట్టు పట్టుకున్నాను. అది కూడా రాలేదు.