నారు తొక్కిన బొమ్మ

మా అత్తగారు ఎనిమిదేళ్లపాటు నా బొమ్మలన్నిటికీ ఒకటే మాట చెప్పారు: "బావుందమ్మాయ్." కృష్ణ నీళ్లు వేసినా అదే మాట, కొండపల్లి కొండ వేసినా అదే మాట. ఒకసారి తలకిందులుగా ఆరబెట్టిన కాన్వాస్‌ని కూడా బావుందన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఆవిడ నోటి నుంచి ఇంకొక్క మాట రావాలని ఎంత కోరుకున్నానో ఎవరికీ చెప్పుకోలేదు.

నేను బెజవాడలో పుట్టి పెరిగినదాన్ని. ఆవిడది చల్లపల్లి దగ్గర పల్లె. కూలికి నాట్లు వేసి మావారిని చదివించారు. మోకాళ్లు అరిగాక బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్లాట్‌కి వచ్చేశారు.

నా బొమ్మల్లో సగం మనుషులుంటారు, సగం వట్టి రంగులుంటాయి. మనిషి ఎక్కడ ఆగి పొలం ఎక్కడ మొదలైందో తెలియకూడదని నా ఆశ. తీరా వేస్తే మనుషులు స్టిక్కర్లు అంటించినట్టు పైకి తేలేవారు. ఏళ్ల తరబడి అదే గోల.

సొంతంగా పెడుతున్న మొదటి ప్రదర్శన కోసం ఆరడుగుల కాన్వాస్ మీద నాట్లు వేశాను. బస్సు కిటికీలోంచి తీసిన ఫొటోలే ఆధారం. వంగిన ఆడవాళ్లు, వాళ్ల ముందు ఖాళీ బురద, వెనక పచ్చటి చారలు. మనిషి నడిచిన దారంతా పచ్చబడుతుందన్న ఊహ నాకు తెగ నచ్చింది. ఆహ్వానపత్రిక మీద కూడా ఆ బొమ్మే అచ్చు వేయించాను.

ప్రదర్శనకి రెండు వారాల ముందు, ఆదివారం, అత్తగారు చర్చి నుంచి వచ్చి బైబిల్ బల్ల మీద పెట్టి, ఆ బొమ్మ ముందు ఆగారు.

"అమ్మాయ్, వీళ్లు నారు తొక్కేస్తన్నారేంటి?"

"తొక్కడమేంటత్తయ్యా?"

"ముందుకి నడుస్తన్నారుగా. ఎనక్కి నడుస్తా నాటాలమ్మా. నాటింది మన కళ్లెదురుగా ఉంటది."

ఫొటోలో మనిషి వంగి కనిపిస్తుంది గానీ, ఎటు నడుస్తోందో కనిపించదు. నాకు ఆ సంగతి తట్టనే లేదు. సిగ్గుపడాల్సింది పోయి విసుక్కున్నాను. "ఇది ఫొటో కాదండీ, ఆబ్‌స్ట్రాక్ట్. మీకు అర్థం కాదు."

"నాకేం తెలుసులేమ్మా," అని లోపలికి వెళ్లిపోయారు.

ఎనిమిదేళ్లు ఎదురుచూసిన మాట వస్తే, వచ్చిన నిమిషంలోనే దాని గొంతు నొక్కేశాను. బొమ్మ వైపు చూసినప్పుడల్లా ఆ ఆడవాళ్ల పాదాల కింద నారే కనిపించింది.

మర్నాడు పొద్దున ఆవిడ కూర తరుగుతుంటే పక్కన కూర్చున్నాను. "తప్పు నాదేనత్తయ్యా. ఎలా నాటాలో చూపిస్తారా?"

ఆవిడ నా వైపు ఒకసారి చూసి, కొత్తిమీర కట్ట అందుకుని లేచారు. హాల్లో టీవీ ముందు వంగారు. ఎడమ చేతిలో కట్ట, కుడి చేతి వేళ్లతో రెండు మూడు రెబ్బలు తీసి నేలకి నొక్కడం, ఒక అడుగు వెనక్కి. మళ్లీ నొక్కడం, మళ్లీ వెనక్కి. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో తెలియదు.

నేను గబగబా కుర్చీ పక్కకి లాగి, "వెనక ఏముందో చూసుకోరా?" అన్నాను.

"చూసుకోవక్కర్లా. గట్టు తగిల్తే ఆగుతాం."

బాల్కనీ గడప తగిలేదాకా ఆగలేదు. టైల్స్ మీద కొత్తిమీర వరసగా పడి ఉంది. వరస ఆవిడ వేళ్ల దగ్గరే మొదలవుతోంది. నా ఇన్నేళ్ల చిక్కు అప్పటికప్పుడు విడిపోయింది. మనిషికీ పొలానికీ అతుకు వేళ్ల దగ్గర ఉంటే, నేను వీపు దగ్గర వెతుకుతున్నాను.

ఆ ఆరడుగులూ మళ్లీ వేశాను. పచ్చ చారలన్నిటి మీదా బురద రంగు పూసి, నారుని వాళ్ల ముందుకి తెచ్చాను. వీపులు బురదలోకి కరిగిపోయాయి, వేళ్లు పచ్చలోకి. ఈసారి ఒక్క మనిషీ పైకి తేలలేదు.

ప్రదర్శన రోజున ఊళ్లో పెద్ద చిత్రకారుడొకాయన ఆహ్వానం కార్డు పట్టుకుని వచ్చి, "కార్డు మీదది వేరే బొమ్మలా ఉందేంటండీ?" అన్నారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పాలనిపించలేదు. "అది తప్పండీ. మా అత్తయ్యగారు దిద్దారు," అన్నాను. నాకు గురువులు చాలామంది ఉన్నారు గానీ, నేను విదిలించి కొట్టాక కూడా మర్నాడు వంగి మరీ నేర్పినవారు ఈవిడొక్కరే.

ఆయన అత్తగారి వైపు తిరిగి, "మీరూ బొమ్మలు వేస్తారా అమ్మా?" అని అడిగారు.

"లేదండీ. నాట్లేశాను," అన్నారు ఆవిడ. కొంగు సర్దుకుని బొమ్మకి దగ్గరగా వెళ్లారు. ఒక్కో వరసా చివరిదాకా చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఇప్పుడు పండుద్దమ్మాయ్."