కుదరదమ్మ దగ్గరికి వచ్చిన డ్రైవరు

ప్రభుత్వ ఆఫీసుల మీద జనం ఇచ్చే ఫిర్యాదులను విచారించే అంబుడ్స్‌మన్ కార్యాలయంలో, మెట్ల పక్క గదిలో ఒకావిడ ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. వచ్చిన ఫిర్యాదు తమ పరిధిలోకి వస్తుందో రాదో తేల్చడం ఆవిడ పని. పదింటిలో ఏడు రావు. అందుకే తోటివాళ్లు చాటున "కుదరదమ్మ" అంటారు. ఆ సంగతి తెలిసి, కిందటేడు పుట్టినరోజు కేకు మీద ఆవిడే ఆ పేరు రాయించుకుంది.

ఒక మంగళవారం పొద్దున ఓ బస్సు డ్రైవరు యూనిఫాంతోనే వచ్చి ఎనిమిది పేజీల ఫిర్యాదు బల్ల మీద పెట్టాడు. అతనూ భార్యా విడిపోయారు. ఏడేళ్ల కూతుర్ని కోర్టు తల్లి దగ్గర ఉంచింది.

"జడ్జిగారు పొరపాటు చేశారండీ. మీరే ఆ తీర్పు మార్పించాలి."

"కుదరదు బాబూ. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో కోర్టు తేల్చాక మేం వేలు పెట్టకూడదు. చట్టమే వద్దంది. అప్పీలు చేసుకుంటావా, లాయరుగారిని అడుగు."

"మరి మీరున్నది దేనికండీ?"

"ఆఫీసులవాళ్లు చెయ్యాల్సిన పని చెయ్యకపోతే నిలదీయడానికి."

అతను మొహం కందగడ్డ చేసుకుని కాగితాలు లాక్కున్నాడు. గుమ్మం దగ్గర గొణిగాడు. "శనివారం శనివారం చూసుకోమన్నారు. వెళ్తే తాళం!"

"ఆగాగు! తాళమా? ఎక్కడ?"

వారానికి రెండు గంటలు కూతుర్ని చూసుకోమంది కోర్టు. అందుకు పిల్లల సంక్షేమ శాఖ ఆఫీసులో ఒక గది ఉంది. అక్కడి ఉద్యోగిని సెలవు పెడితే ఇంకొకరిని వెయ్యలేదు. వరసగా నాలుగు శనివారాలు తండ్రీ కూతుళ్లు ఆ తాళం చూసి ఎవరిదారిన వాళ్లు ఇంటికి పోయారు. ఎనిమిది పేజీల్లో ఈ ముక్క ఎక్కడా లేదు.

"అసలుది వదిలేసి లోకంలో సంగతులన్నీ రాశావయ్యా!" అంటూ ఆవిడ తెల్లకాగితం ముందుకు తోసింది. "తీర్పు ఊసెత్తకు. తారీఖులు రాయి."

జేబులోంచి డ్యూటీ కార్డు తీసి తారీఖులు సరిచూసుకుంటూ రాశాడు. ఒక్క పేజీలో అయిపోయింది.

విచారణకు ఐదు వారాలు పట్టింది. శాఖ తప్పు ఒప్పుకుని తల్లికీ తండ్రికీ క్షమాపణ రాసింది, ఆ ఉద్యోగిని సెలవు పెట్టే రోజుల కోసం మరో మనిషిని పెట్టింది. పోయిన గంటలు కూడా ఇప్పించమన్నాడు డ్రైవరు. అది మళ్లీ కోర్టు సంగతే, కుదరదని ఆవిడ చెప్పాల్సి వచ్చింది. చివరికి పిల్ల తల్లే, పోనీలెమ్మని రెండు ఆదివారాలు పంపింది.

తీర్పు మారలేదు. దాని మీద అతని కోపమూ తగ్గలేదు. అయినా మొదటి ఆదివారం గడిచాక, సోమవారం ఫోన్ చేశాడు.

"మా అమ్మాయికి ముందు పళ్లు రెండూ ఊడాయండీ! ఇన్ని వారాలు కలవలేదని అలిగి నాతో మాట్లాడకూడదనుకుందట. ఉండబట్టలేక చూపించేసింది."

"వస్తాయిలే బాబూ, కొత్తవి" అని ఆవిడ ఫోన్ పెట్టేసి, ఇదేం జవాబని తనలో తానే నవ్వుకుంది.